జన్మలో ఊడదు! అదేనా మనకి కావలసింది?

మనవాళ్ళు ఒక వస్తువు గట్టితనాన్ని మెచ్చుకోవాలంటే "జన్మలో ఊడదు" అంటారు. వెల్డింగ్ షాపులో అదే మాట, జిగురు ట్యూబు అమ్మే కొట్లోనూ అదే మాట. నాకైతే ఈ మధ్య ఆ మాట వింటే హెచ్చరికలా వినిపిస్తోంది. ఇంట్లో సొంతంగా చిన్నా చితకా పనులు చేసుకునేవాళ్ళు రెండు అల్యూమినియం ముక్కల్ని కలపాలంటే, ముందు ఆలోచించాల్సింది రేపు దాన్ని ఎలా విప్పుతాం అని. ఆ లెక్కన చూస్తే వెల్డింగూ వద్దు, జిగురూ వద్దు. రంధ్రం పెట్టి, ట్యాపు కొట్టి, బోల్టు బిగించుకోవడమే ఉత్తమం అని నా వాదన. వట్టి ఇష్టం కొద్దీ అంటున్న మాట కాదు, కారణాలున్నాయి. అవి చెప్పడానికే ఈ టపా.

ట్యాపు అంటే కుళాయి కాదండోయ్. రంధ్రం లోపలి గోడకి మరలు కోసే పనిముట్టు. చూడ్డానికి బోల్టులాగే ఉంటుంది, కానీ గట్టి ఉక్కుతో చేసి, పొడుగునా గాళ్ళు పెట్టి, అంచులకి పదును పెట్టి ఉంటుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం వర్క్‌షాప్ ల్యాబ్‌లో ఫిట్టింగ్ అని ఒక ట్రేడ్ ఉండేది గుర్తుందా? ఆకురాయి పట్టుకుని ఇనుప పలకని చతురస్రంగా అరగదీయమనేవారు. మనలో చాలామందికి ఆ ల్యాబ్ నుంచి గుర్తున్నవి ఖాకీ యాప్రానూ, రికార్డు మీద సంతకాలూ మాత్రమే. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చదివే కుర్రాడు అదే పనిని రెండేళ్ళు నేర్చుకుంటాడు. మనకి వాళ్ళంత నైపుణ్యం అక్కర్లేదు. కానీ ఒక రంధ్రానికి తిన్నగా మర వేసుకోవడం మాత్రం ఎవరైనా రెండు ఆదివారాల్లో నేర్చుకోవచ్చు.

అల్యూమినియమే ఎందుకు అంటే, అపార్టుమెంటులో ఉండేవాడికి అంతకన్నా అనుకూలమైన లోహం లేదు. హ్యాక్‌సా బ్లేడుకి తెగుతుంది, ఆకురాయికి అరుగుతుంది, ఉక్కు బరువులో దాదాపు మూడో వంతే ఉంటుంది, తుప్పు పట్టదు. ఒక బెంచి వైసు, ఒక డ్రిల్లు, నాలుగు ట్యాపులు ఉంటే యుటిలిటీ బాల్కనీనే వర్క్‌షాపు. పైగా డ్రిల్లింగ్ పగలు కానిచ్చేస్తే, చేత్తో ట్యాపు కొట్టడానికి చప్పుడే ఉండదు. ఆఫీసు కాల్ అయ్యాక రాత్రి పదకొండింటికి మొదలుపెట్టినా కింది ఫ్లాటు వాళ్ళు తలుపు కొట్టరు.

సరే, వాదనకొద్దాం. పోయినేడాది మా నాయనమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. మంచం మీదకి వచ్చేలా ఒక బల్ల కావాలి, భోజనానికీ, మందులకీ, ఆవిడ పేపరుకీ. బజారులో దొరికేవి ఆవిడ పాతకాలం ఎత్తు మంచానికి అందట్లేదు. నేనే చేస్తానన్నాను. వీధి చివర ఫ్యాబ్రికేషన్ షాపాయన డ్రాయింగు చూసి, "పది నిమిషాల పని సార్, వెల్డింగ్ కొట్టిచ్చేస్తా, జన్మలో ఊడదు" అన్నాడు. మా టీములో మిత్రుడేమో ఎపాక్సీతో అతికించెయ్యి, ఈ రోజుల్లో విమానాలే అతికిస్తున్నారు అన్నాడు. ఇద్దరూ తెలిసి చెప్పినవాళ్ళే. నేను మాత్రం చదరపు ట్యూబులు కోసి, మూలల్లో ట్యూబు లోపలికి సరిగ్గా పట్టేలా అల్యూమినియం దిమ్మెలు అరగదీసి పెట్టి, దిమ్మెలకి ఎం6 మరలు వేసి, బయట నుంచి బోల్టులు బిగించాను.

మొదటి వారం నాయనమ్మ సగం ఆనుకుని కూర్చునేది కాబట్టి బల్ల ఎత్తుగా కావలసొచ్చింది. పది రోజులకి లేచి తిన్నగా కూర్చుంది, బల్ల కిందకి దించాల్సొచ్చింది. నెల దాటాక కిటికీ పక్కన కుర్చీలోకి మారింది, ఎత్తుతో పాటు కాళ్ళ పొడుగు కూడా మార్చాల్సొచ్చింది. ప్రతిసారీ ఒక అలెన్ కీ, పావుగంట పని. "ఒరేయ్, ఇది బల్లా, బొమ్మల కొలువా? వచ్చినప్పుడల్లా విప్పి సర్దుతావు" అనేది ఆవిడ. ఇప్పుడు ఆవిడకి ఆ బల్లతో పని లేదు. మా మేనత్త కూతురు పట్టుకెళ్ళి దాన్నే ల్యాప్‌టాప్ బల్లగా వాడుకుంటోంది. వెల్డింగ్ చేసి ఉంటే మొదటి పది రోజులకే ఇంకో బల్ల చెయ్యాల్సొచ్చేది.

అలాగని వెల్డింగ్‌ని చులకన చెయ్యట్లేదు. ఇనుప గేటుకి దాన్ని మించింది లేదు. కానీ అల్యూమినియం సంగతి వేరు. ఈ లోహం 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. దాని మీద ఎప్పుడూ ఉండే పలచటి ఆక్సైడు పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. అంటే పైన పెంకు కరగకముందే లోపలిది నీరైపోతుంది. అందుకే దానికి ఏసీ టిగ్ మిషను, ఆర్గాన్ గ్యాసు, అనుభవమున్న చెయ్యి కావాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 6061-టీ6 లాంటి మిశ్రమాల బలం వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ కాల్చే ప్రక్రియ వల్ల వచ్చింది. వెల్డింగ్ వేడి ఆ బలాన్ని అతుకు చుట్టుపక్కల చెరిపేస్తుంది. అతుకు ఎంత అందంగా వచ్చినా, దాని పక్కనున్న లోహం తెగే బలం దాదాపు సగానికి పడిపోతుంది. మొత్తం వస్తువుని మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్‌కి పంపితే తప్ప అది తిరిగి రాదు. బోల్టు వేసిన చోట లోహం గుణం మారదు. రంధ్రం మేరకి తగ్గేది తగ్గుతుంది, అది ముందే లెక్కేసుకోవచ్చు.

జిగురు సంగతి. నా మిత్రుడు చెప్పింది అబద్ధం కాదు. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ కారు అల్యూమినియం ఛాసిస్‌ని ఎపాక్సీతోనే అతికించారు. కానీ అక్కడ ఉపరితలాన్ని రసాయనాలతో శుద్ధి చేసి, ఓవెన్లో పెట్టి, కొలిచి చేస్తారు. మన బాల్కనీలో ఎమెరీ కాగితంతో రుద్ది, తుడిచి, అతికిస్తాం. రుద్దిన క్షణం నుంచే అల్యూమినియం మీద మళ్ళీ ఆక్సైడు పేరుకుంటూ ఉంటుంది. జిగురు రెండు పలకల్ని పక్కకి జరిపే బలానికి బాగా ఆగుతుంది, ఒక అంచు నుంచి ఒలిచే బలానికి ఆగదు. అన్నిటికన్నా ముఖ్యం, అతుకు బాగా పట్టిందో లేదో బయటికి కనిపించదు. ఊడిన రోజునే తెలుస్తుంది. బోల్టు అయితే తాళం పెట్టి చూస్తే చాలు, బిగువుందో లేదో అదే చెప్తుంది.

ఇప్పుడు అసలు పని. మర వెయ్యడానికి ముందు ఎంత రంధ్రం పెట్టాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. బోల్టు వ్యాసంలోంచి పిచ్, అంటే ఒక చుట్టుకీ పక్క చుట్టుకీ మధ్య దూరం తీసెయ్యండి. ఎం6కి పిచ్ 1 మి.మీ., కాబట్టి 5 మి.మీ. డ్రిల్లు. ఎం5కి పిచ్ 0.8, డ్రిల్లు 4.2. ఎం4కి 0.7, డ్రిల్లు 3.3. ఎం3కి 0.5, డ్రిల్లు 2.5. ఈ నాలుగూ గోడ మీద రాసి పెట్టుకుంటే ఇంటి పనులన్నీ గడిచిపోతాయి. బోల్టు వదులుగా దూరాల్సిన పై ముక్కకి ఎం6 అయితే 6.6 మి.మీ. రంధ్రం సరిపోతుంది. పై ముక్కకి మర వెయ్యకూడదు. రెండిట్లోనూ మర ఉంటే బోల్టు రెండు ముక్కల్నీ దగ్గరికి లాగలేదు, మధ్యలో ఉన్న సందు అలాగే ఉండిపోతుంది.

సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, డ్రిల్లు తిన్నగా దింపి, రంధ్రం అంచుని పెద్ద బిట్‌తో కాస్త చెక్కండి. ట్యాపు తిన్నగా నిలబడిందో లేదో మొదటి రెండు చుట్లలోనే మూలమట్టం పెట్టి రెండు వైపుల నుంచీ చూడాలి. తర్వాత సరిచేద్దామంటే కుదరదు. చేతి ట్యాపులు సెట్టుగా వస్తాయి. మొన ఎక్కువ సన్నగా ఉన్నది ముందు, అడుగుదాకా మర కోసేది చివర. అరచుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడు రజను తెగి చిన్న చిన్న ముక్కలవుతుంది, లేకపోతే గాళ్ళలో ఇరుక్కుని ట్యాపుని పట్టేస్తుంది. ట్యాపు గట్టిదే కానీ పెళుసు. విరిగి లోపల ఉండిపోతే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గియ్యను కూడా గియ్యదు. అందుకే హ్యాండిల్‌ని రెండు చేతులతో సమానంగా తిప్పాలి.

నూనె లేకుండా అల్యూమినియం జోలికి పోవద్దు. పొడిగా కోస్తే లోహం పదును అంచుకి అతుక్కుని, కోసిన మరల్నే చించేస్తుంది. పాతకాలం మిషన్ షాపుల్లో దీనికి కిరసనాయిలే వాడేవారు. ఇప్పుడు సిటీలో అది దొరకడం గగనం, డబ్ల్యూడీ-40 రెండు చుక్కలు వేసినా పని జరుగుతుంది.

ఎంత లోతు మర ఉండాలి? ఉక్కులో అయితే బోల్టు వ్యాసమంత లోతు సరిపోతుంది. అల్యూమినియం మెత్తన కాబట్టి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెట్టుకోవాలి. ఎం6కి 9 నుంచి 12 మి.మీ. అంతకు మించి లోతు పెంచినా పెద్ద లాభం లేదు. బరువంతా అన్ని చుట్లూ సమానంగా మొయ్యవు, మొదటి చుట్టే దాదాపు మూడో వంతు మోస్తుంది. (ఆఫీసులో కూడా ఇంతే కదా అంటారా, నేనేం అనలేదు :) )

ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఒకటుంది. బోల్టు ఒక మేకులాగా అడ్డం పడి ముక్కల్ని ఆపుతుందనుకుంటారు. నిజానికి సరిగ్గా బిగించిన బోల్టు పని స్ప్రింగు లాంటిది. బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, తిరిగి ముడుచుకోవాలని చూస్తూ రెండు ముక్కల్నీ అదిమి పడుతుంది. 8.8 గ్రేడు ఎం6 బోల్టు ఒక్కటి సుమారు 900 కిలోల బరువంత బలంతో అదమగలదు. ముక్కలు జరక్కుండా ఆపేది ఆ ఒత్తిడి వల్ల వచ్చే రాపిడి. కాబట్టి కలిసే రెండు తలాలూ చదునుగా, శుభ్రంగా ఉండటం బోల్టు నాణ్యతంత ముఖ్యం. రంధ్రం చుట్టూ మిగిలిన బొడిపెలు తియ్యకుండా ఎంత బిగించినా లాభం లేదు.

ఇన్ని చెప్పాక అవతలి పక్షం కూడా చెప్పాలి. విప్పగలిగింది వదులు కూడా అవుతుంది. అదిరే చోట, మోటారు దగ్గరో సైకిలు మీదో, ఉత్త బోల్టుని నమ్మలేం. దానికి లాక్‌టైట్ 243 లాంటి మర జిగుళ్ళు ఉన్నాయి. పట్టుకుంటాయి, మామూలు తాళంతో విప్పితే వస్తాయి. అల్యూమినియం మరలు మాటిమాటికీ విప్పి బిగిస్తే అరుగుతాయన్నదీ నిజమే. అలాంటి చోట ఉక్కు తీగ చుట్ట లాంటి ఇన్సర్టు, మనవాళ్ళు హెలీకాయిల్ అంటారు, పెట్టుకుంటే కొత్త మర కన్నా గట్టిగా ఉంటుంది. విశాఖపట్నంలోనో కాకినాడలోనో ఉండేవాళ్ళకి ఇంకో బెడద. ఉప్పు గాలిలో స్టెయిన్‌లెస్ బోల్టూ అల్యూమినియమూ కలిసిన చోట కరిగిపోయేది అల్యూమినియమే. తెల్లటి పొడి కట్టి బోల్టు బిగుసుకుపోతుంది. బిగించే ముందు మరలకి గ్రీజు రాస్తే చాలావరకు ఆగుతుంది. ఇక ఒకటిన్నర మి.మీ. రేకుకి నా వాదన వర్తించదు. ఎం6 మర అందులో ఒకటిన్నర చుట్టు కూడా పట్టదు. అక్కడ రివెట్ నట్టో, పాప్ రివెట్టో వాడుకోవాల్సిందే. రివెట్టు కూడా డ్రిల్లు చేసి తియ్యొచ్చు కాబట్టి దాన్ని మన పార్టీలోనే కలుపుకుంటున్నాను.

మరల్లో నాకు నచ్చే ఇంకో గుణం, అది అందరిదీ. బోల్టులు నేను రాణిగంజ్‌లో కొన్నాను. రేపు మా మేనత్త కూతురు వైజాగులోనో, డల్లాస్‌లోనో ఇంకో ఎం6 బోల్టు కొన్నా అదే రంధ్రంలో పడుతుంది. అదే 5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. ఈ సుఖం ఊరికే రాలేదు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో అందరూ ఒకే మర వాడదామని ప్రతిపాదించేదాకా ఏ షాపు మర ఆ షాపుదే. ఆయన 55 డిగ్రీల కోణం పెడితే, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. 1904లో బాల్టిమోర్ నగరం తగలబడుతుంటే పక్క ఊళ్ళ ఫైరింజన్లు వచ్చి కూడా చాలా వాటి గొట్టాల మరలు అక్కడి నీటి కుళాయిలకి పట్టలేదు. 1500కి పైగా భవనాలు కాలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి విడిభాగాలు ఒకరికి పట్టక నానా తిప్పలూ పడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా ఒక ఒప్పందానికొచ్చాయి. మెట్రిక్ మరలూ 60 డిగ్రీలే. విట్‌వర్త్ మాత్రం పూర్తిగా పోలేదు, మన ఇంటి నీళ్ళ పైపుల మీద ఉన్నవి ఇప్పటికీ ఆయన 55 డిగ్రీల మరలే.

మన భాషలో చెప్పాలంటే ఎం6 రంధ్రం ఒక పబ్లిక్ ఇంటర్‌ఫేసు. రాసినవాడు ఊళ్ళో లేకపోయినా, అసలు ఉన్నా పోయినా, ఇంకొకడు వచ్చి పని కొనసాగించగలడు. వెల్డింగ్ అంటే కోడ్‌లో విలువల్ని నేరుగా రాసెయ్యడం. ఈ రోజుకి పని చేస్తుంది, రేపు అవసరం మారితే మొత్తం కోయాలి.

ఇదంతా బాల్కనీ దాటి వెళ్ళే సంగతి. మన చేతిలో ఉన్న ఫోన్లలో బ్యాటరీని జిగురుతో అతికించి అమ్ముతున్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో బ్యాటరీ ఒక్కటే పోతుంది, దాంతో పాటు ఫోనంతా పోతుంది. పలచగా ఉండాలంటే తప్పదంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలి. మన దేశంలో కూడా 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. చట్టాలు రావడం మంచిదే. అయితే ఏది విప్పొచ్చో ఏది విప్పకూడదో నిర్ణయించేది చివరికి డిజైన్ గీసే ఇంజనీరు. ఒక్క బ్రాకెట్‌నైనా తన చేత్తో బిగించి, విప్పి, మార్చి, మళ్ళీ బిగించిన ఇంజనీరు "జన్మలో ఊడదు" అనే డిజైన్ మీద అంత తేలిగ్గా సంతకం పెట్టడని నా నమ్మకం.

కాబట్టి పిల్లల సైన్సు ప్రాజెక్టో, మానిటర్ స్టాండో, టెలిస్కోపు పీఠమో, ఏదో ఒకటి మొదలుపెట్టండి. ఒక ఎం6 ట్యాపు సెట్టు, 5 మి.మీ. డ్రిల్లు, అడుగు పొడుగు అల్యూమినియం పట్టీ, ఒక మూలమట్టం. మొదటి పది రంధ్రాలు పనికిరాని ముక్కలోనే కొట్టండి. పనిలో సందేహమొస్తే మీ ఊళ్ళో మిషన్ షాపుకి వెళ్ళి అడగండి. ఫిట్టర్‌ని గౌరవంగా అడిగితే ఏ పుస్తకంలోనూ లేని కిటుకు చెప్తాడు, టీ కూడా ఆయనే ఇప్పిస్తాడు. జిగురే గొప్పదనో, వెల్డింగే గొప్పదనో మీకింకా అనిపిస్తే వాదనకి నేను సిద్ధం. ఒక్కటే షరతు, మీరు చేసిన వస్తువు తెచ్చి నా ముందు విప్పి చూపించాలి.